ఫెయిర్ నోట్సా, రఫ్ బుక్కా? లెక్కలకు ఏది మేలు?

జూన్‌లో లెక్కల నోట్‌బుక్‌కి అట్ట వేసి, లేబుల్ అంటించి, మొదటి పేజీకి పసుపు కూడా పెట్టుకొస్తారు పిల్లలు. దసరా సెలవులు అయ్యేసరికి అదే పుస్తకం వెనక పేజీలు రాకెట్లయి ఎగురుతుంటాయి. దేవరకొండ దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను, ఈ పుస్తకం గురించి పిల్లలతో చేయని గొడవ లేదు.

చాలాకాలం ఫెయిర్ నోట్సే రాయించాను. బోర్డు మీద నేను చేసింది ఎక్కించుకోవాలి, నల్ల పెన్నుతో హెడ్డింగు, నీలం పెన్నుతో లెక్క, పక్కన మార్జిన్. తనిఖీకి ఎవరన్నా వస్తే బల్ల మీద పెట్టడానికి ఇంతకంటే మంచిది లేదు. పదో తరగతి ఎఫ్‌ఏలో, అంటే బడిలోనే మార్కులు వేసే ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో, 20 మార్కులకు 5 రాతపనికే కదా, అదొక ఆశ. అసలు ఆ 5 పిల్లలు సొంతంగా ఆలోచించి రాసినదానికి ఇవ్వాలి, మనం ఇచ్చేదేమో చేతిరాతకు. గైడు చూసి ఎక్కించినా తెలియదు. నలభై పుస్తకాలకు ఎర్ర టిక్కులు కొట్టాక చేయి నొప్పి పుట్టింది గానీ, ఎవరికి ఏం రాదో మాత్రం తెలియలేదు.

రఫ్ బుక్‌లో అబద్ధం ఉండదు. కాకపోతే అన్ని సబ్జెక్టులకూ అదే, తెలుగు ప్రతిపదార్థం కింద భిన్నాలు, భిన్నాల పక్కన హీరో బొమ్మ. ఇవాళ చేసిన లెక్క రేపు వెతికితే దొరకదు.

ఇప్పుడు రెండూ మానేసి ఒకటే లాంగ్ నోట్‌బుక్ పెట్టించాను. పేజీ మధ్యకు మడవాలి, ఎడమ పక్క వాళ్ల ప్రయత్నం, కుడి పక్క బోర్డు మీద మాట్లాడుకున్నాక సరిచేసింది. రబ్బరు, వైట్‌నర్ బంద్, తప్పు మీద ఒక్క గీత చాలు. ఆరో తరగతి అమ్మాయి ఒకామె 1/2 + 1/3 = 2/5 అని రాసింది. ఫెయిర్ నోట్స్‌లో అయితే నేను వేసిన 5/6 అందంగా ఉండేది, 2/5 నా కంటికి కనపడేదే కాదు. "సగానికి ఇంకొంచెం కలిపినవ్ కదమ్మా, ఎంత రావాలె?" అన్నాను. కాసేపు చూసి, "2/5 అంటే సగం కన్నా తక్కువే గదా సార్, కలిపితే ఎట్ల తగ్గుతది?" అని నన్నే అడిగింది. ఆ మాటే తప్పు పక్కన రాసుకోమన్నాను.

"జవాబు వచ్చింది గదా సార్, ఇంక ఇదంతా ఎందుకు" అనే వాళ్లు ఉంటారు. కాగితం ఖరీదని రామానుజన్ పలక మీద చేసి, తుడిచేసి, ఫలితాలే నోట్‌బుక్‌లో రాసుకున్నారు, వాటిని నిరూపించడానికి తర్వాతి వాళ్లకు దశాబ్దాలు పట్టింది. మీరు రామానుజన్ అయ్యాక మీ ఇష్టం అంటాను.

ఇంత చేసినా పుస్తకానికి విలువ వచ్చింది శనివారం పరీక్షతోనే. పదిహేను నిమిషాలు, సొంత నోట్‌బుక్ తెరిచి రాసుకోవచ్చు, గైడు వద్దు, పక్కవాడిది వద్దు. చేసిన రకం లెక్కలే, అంకెలు మారుస్తాను. మొదటి వారం సగం మంది పేజీలు తిప్పడంతోనే టైమ్ అయిపోయింది. మూడో వారానికి నేను చెప్పకుండానే తేదీలు, పేజీ నంబర్లు వేసుకున్నారు.

ఇబ్బందులు లేవని కాదు. సిలబస్ కొంచెం వెనకబడుతుంది. పత్తి ఏరే రోజుల్లో బడికి రాని పిల్లలకు ఎడమ పక్క ఖాళీయే, వాళ్లకు స్నేహితుల పుస్తకంలోని కుడి పక్కే దిక్కు. థేల్స్ సిద్ధాంతం, పైథాగరస్ సిద్ధాంతం లాంటివి స్కేలు పెట్టి శుభ్రంగా రాసుకోవలసినవే, వాటికి పుస్తకం చివర నలభై పేజీలు వదిలించాను. కానీ ఒక్కటే పెట్టుకోమంటే ఈ మడత పేజీ పుస్తకమే నా ఓటు.

ఫెయిర్ నోట్స్ పోతే కొత్తది కొనుక్కుని వేరేవాళ్లది చూసి ఎక్కించేవాళ్లు. మొన్న శుక్రవారం ఒకడు ఈ పుస్తకం బస్సులో మర్చిపోయి, సాయంత్రం దేవరకొండ డిపో దాకా పోయి తెచ్చుకున్నాడు.