సౌర తెరచాపా, అయాన్ ఇంజినా: ఏది మేలు?

పెదజాలారిపేట ఒడ్డున వరసగా లాగిపెట్టిన ఇంజిన్ బోట్లు చూసి మా మేనల్లుడు అడిగాడు: "మావయ్యా, ఇక్కడే తెరచాపలు మానేశారు కదా, గాలి లేని అంతరిక్షంలో అవెందుకు?"

అక్కడ తెరచాపను తోసేది వెలుగు. సౌరపవనం (సూర్యుడి నుంచి వచ్చే విద్యుదావేశ కణాల ప్రవాహం) అనే మాట విని చాలామంది అదే తోస్తుందనుకుంటారు గానీ, దాని ఒత్తిడి వెలుగు ఒత్తిడిలో వెయ్యో వంతు కూడా ఉండదు. వెలుగుకు బరువు లేకపోయినా ద్రవ్యవేగం ఉంది. అద్దంలా మెరిసే పల్చటి పొరకు తగిలి వెనక్కి మళ్లేటప్పుడు దాన్ని తోస్తుంది. ఎంత తోపు? భూమి ఉన్నంత దూరంలో, చదరపు కిలోమీటరు తెరచాపకు సుమారు 9 న్యూటన్లు. అరచేతిలో కిలోకి కాస్త తక్కువ బరువు పెట్టినట్టు, అంతే.

అయాన్ ఇంజిన్ అంటే జినాన్ లాంటి వాయువుకు విద్యుదావేశమిచ్చి వేగంగా వెనక్కి చిమ్ముతూ ముందుకు పోయేది. బలం ఒక్కటే చూస్తే దానిదే పైచేయి. 2010లో జపాన్ పంపిన ఇకారోస్ తెరచాప 14 మీటర్ల చదరం, మందం 7.5 మైక్రాన్లు, తోపు 1.12 మిల్లీన్యూటన్లు. నాసా డాన్ నౌక అయాన్ ఇంజిన్ 90 మిల్లీన్యూటన్ల దాకా ఇచ్చేది. ఆ బలంతోనే డాన్ 2011లో వెస్టా అనే గ్రహశకలాన్ని, 2015లో సెరెస్ అనే మరుగుజ్జు గ్రహాన్ని చేరి వాటి చుట్టూ తిరిగింది. అలాంటి పని ఏ తెరచాపా ఇంకా చెయ్యలేదు. బరువైన పరికరాలతో గ్రహశకలం దగ్గరకెళ్లి ఆగాలంటే నా ఓటు అయాన్‌కే.

కానీ డాన్ 425 కిలోల జినాన్ మోసుకెళ్లాల్సి వచ్చింది. చివరికి నౌకను తిప్పే హైడ్రజీన్ ఇంధనం అయిపోయి 2018లో మూగబోయింది. ఇకారోస్ అంచుల్లో మాత్రం ద్రవస్ఫటిక పలకలు అమర్చారు. కరెంటుతో వాటి మెరుపు ఒకవైపు మారిస్తే రెండు వైపులా తోపు సమానంగా ఉండదు, తెరచాప తిరుగుతుంది. చుక్క ఇంధనం ఖర్చు లేదు! ఈ ఉపాయం తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

తెరచాపను వాల్చి, తోపు నౌక దారికి ఎదురుగా పడేలా చేస్తే వేగం తగ్గి సూర్యుడి వైపు జారుతుంది కూడా. బుధుడి దగ్గర వెలుగు ఇక్కడికన్నా ఆరు రెట్లకు పైనే, గురుడి దగ్గర 27వ వంతు. కాబట్టి తెరచాప రాజ్యం సూర్యుడికి దగ్గరగానే. భూమిని ఆనుకుని తిరిగే కక్ష్యల్లో పల్చటి గాలి దాన్ని లాగేస్తుంది. 2019లో ఎగిరిన లైట్‌సెయిల్ 2 అనే తెరచాప నౌక చివరికి 2022లో అలాగే కాలిపోయింది. లేజర్‌తో తోసి పక్క నక్షత్రానికి పంపాలన్న ఆలోచన గొప్పదే, కానీ అక్కడికెళ్లాక ఆపడం చాలా కష్టం.

తెరచాప అసలు విలువ తోపు ఎడతెగకుండా కావలసిన చోట. సూర్యుణ్ణి గమనించే మన ఆదిత్య-ఎల్1 నౌక భూమికి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడ నిలదొక్కుకోవడానికి అప్పుడప్పుడు ఇంధనం మండించాలి. సరిపడా పెద్ద తెరచాప ఉంటే ఇంకా సూర్యుడి వైపు జరిగి కాపు కాయవచ్చు, సౌర తుఫాను కబురు మరింత ముందే అందుతుంది. ఆ కాపలాకి నేను తెరచాపనే ఎంచుకుంటాను.