గోడమీద స్వరాల పటం: నాలుగేళ్లు వాడాక

మైలాపూర్‌లో మా అద్దెయింట్లో, వీణ పెట్టుకునే చోటికి ఎదురుగా నాలుగేళ్లుగా ఒక చార్టు వేలాడుతోంది. ముక్కోణాల గళ్లు గీసి, గీతలు కలిసే చోటల్లా ఒక స్వరం రాసుకున్నాను. మధ్యలో షడ్జం. కుడికి ఒక అడుగు వేస్తే పంచమం, అంటే షడ్జం కంపన సంఖ్యకి 3/2 రెట్లు. ఏటవాలుగా పైకి వేస్తే అంతర గాంధారం, 5/4. ఎడమకి శుద్ధ మధ్యమం. మంద్రమా తారమా అన్నది ఇందులో లెక్కలోకి రాదు. ఇలాంటి పటం గణితవేత్త ఆయిలర్ 1739లోనే వేశాడు. నేను మన స్వరాల పేర్లు తగిలించానంతే.

చతుశ్రుతి రిషభం (మోహన రాగంలో వచ్చే రి) ఇందులో రెండు చోట్ల ఉంటుంది. కుడికి రెండడుగులు వేస్తే 9/8. ఎడమకి రెండు, పైకి ఒకటి వేస్తే 10/9. కాగితం మీద జానెడు దూరం, చెవికి 22 సెంట్ల తేడా (కీబోర్డులో పక్కపక్క మీటల మధ్య దూరం 100 సెంట్లు). మొదటి ఏడాది దీన్ని పట్టించుకోలేదు. మా అబ్బాయి కీబోర్డులో ఒక్కో స్వరాన్నీ విడిగా సరిచేయొచ్చు కదా అని ఒకరోజు మోహనానికి శ్రుతి చేశాను: రి 4 సెంట్లు, ప 2 సెంట్లు పెంచాను, గ 14, ద 16 తగ్గించాను. స-గ-ప కలిపి నొక్కితే తంబురా పక్కన కూర్చున్నంత హాయి. తర్వాత రి-ద నొక్కాను. ఊళ వేసింది!

"ఏమండీ, పాడైపోయిందా అది?" అని వంటింట్లోంచి మా ఆవిడ.

రికి ద పంచమం అవుతుంది కాబట్టి రెండిటి మధ్య 702 సెంట్లు ఉండాల్సింది, 680 వచ్చింది. పటం చూస్తే ద, అంటే 5/3 పక్కన ఉన్నది 10/9, నేను పెట్టిన 9/8 కాదు. నిష్పత్తులు వరసగా బట్టీపట్టినప్పుడు ఇది తట్టనే లేదు. వీణలోనూ బయటపడలేదు. రి మెట్టు మీదే పంచమం తీగ నొక్కితే ద పలుకుతుంది, మెట్టు జరిగితే రెండూ కలిసే జరుగుతాయి మరి.

లోపాలూ ఉన్నాయి. 7తో వచ్చే నిష్పత్తులకి మూడో దిక్కు కావాలి, కాగితం మీద అది గజిబిజి అవుతుంది. పెన్సిల్‌తో గీసి చెరిపేశాను. స్థాయిలో ఉన్నవి ఇరవై రెండు శ్రుతులే అనేవాళ్లకి ఇది చిరాకు తెప్పిస్తుంది, ఎటు చూసినా అంతం లేదు కాబట్టి. ఇక తోడి రాగంలో గాంధారం ఊగుతూనే ఉంటుంది, ఏ చుక్క మీదా నిలబడదు. గమకం (అలా స్వరాన్ని ఊపడం) పాడేటప్పుడు దీనితో పనిలేదు, మెట్లు సరిచూసుకునేటప్పుడూ కీబోర్డుకి శ్రుతి చేసేటప్పుడూ మాత్రమే చూస్తాను.