బోగీలపై ఎపాక్సీ ప్రైమర్, పీయూ పెయింట్: ఆరేళ్ల వాడకం తర్వాత

రైళ్ల ఉక్కు బోగీల బయటి గోడలకు వేసిన వరుస ఇది: గ్రిట్ బ్లాస్టింగ్ (గరుకు రజనును వేగంగా చిమ్మి ఉక్కును శుభ్రం చేయడం), 60 మైక్రాన్ల జింక్ ఫాస్ఫేట్ ఎపాక్సీ ప్రైమర్ (తుప్పును ఆపే అడుగు పూత), సొట్టలున్న చోట పుట్టీ, దానిపై సర్ఫేసర్ (ఉపరితలాన్ని నునుపు చేసే మధ్య పూత), చివర అలిఫాటిక్ (ఎండకు తట్టుకునే రకం) పాలీయురెథేన్, అంటే పీయూ, రెండు కోట్లు. ఆరేళ్లయినా పై పూత రంగు నిలబడింది, చేత్తో రుద్దితే పొడి రాలడం లేదు. ఎపాక్సీనే పైపూతగా వదిలేసి ఉంటే ఎండకు ఎప్పుడో సున్నంలా తేలిపోయేది.

తుప్పు మొదలైంది గోడ మధ్యలో కాదు. తలుపు గడప దగ్గర, కిటికీ కింది మూలల్లో, నీళ్లు పోయే రంధ్రాల అంచుల్లో. పదునైన అంచు మీద తడి పెయింటు నిలవదు, వెనక్కి లాక్కుంటుంది. అక్కడ మిగిలేది పలచటి పొరే. అంచులను 2 మి.మీ. గుండ్రంగా రుద్ది, స్ప్రేకు ముందు బ్రష్షుతో ప్రైమర్ అదనంగా పట్టించిన బోగీల్లో ఈ బెడద బాగా తగ్గింది. ఇంత తేలికైన పనిని ఎందుకు వదిలేస్తారో అర్థం కాదు!

రెండో బలహీనత పుట్టీ. 2 మి.మీ. దాటి ఒకేసారి మందంగా పూస్తే బండి కుదుపులకు చీలుతుంది. రుద్దాక సర్ఫేసర్ వేయకుండా రోజుల తరబడి ఉంచితే తేమ పీల్చుకుంటుంది, తర్వాత బొబ్బలు లేస్తాయి.

పీయూ హార్డెనర్‌కు, అంటే పెయింటు గట్టిపడేందుకు కలిపే ద్రవానికి, తేమ పడదు. నీటితో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుట్టి పూతలో సూదిబెజ్జాలు పడతాయి. రేకు ఉష్ణోగ్రత మంచుబిందు స్థాయి (గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువుండాలి, గాలిలో తేమ 85 శాతం దాటకూడదు. కంప్రెసర్ గాలిలో నూనె వస్తే చేపకళ్లలాంటి గుంటలు ఖాయం. థిన్నర్ పీయూదే వాడాలి. ఆల్కహాల్ ఉన్న మామూలు థిన్నర్ హార్డెనర్‌ను తినేస్తుంది, పూత మెత్తగానే ఉండిపోతుంది. కోటుకూ కోటుకూ మధ్య డేటాషీట్‌లో రాసిన గడువు దాటితే 320 నంబరు ఎమరీ కాగితంతో గరుకు చేయక తప్పదు, లేకపోతే పై పొర పెచ్చులుగా ఊడుతుంది.

హార్డెనర్‌లోని ఐసోసయనేట్ ఊపిరితిత్తులకు ప్రమాదం. స్ప్రే చేసేవారికి బయటి నుంచి గాలి అందించే మాస్కే కావాలి, గుడ్డ కట్టుకుంటే చాలదు.

బోగీ కింది భాగంలో కనిపించే గోధుమరంగు మరకలన్నీ తుప్పు కావు. బ్రేకుల నుంచి ఎగిరే ఇనుప రజను పూతలో గుచ్చుకుని అలా మారుతుంది. పలచటి ఆక్సాలిక్ ఆమ్లంతో పోతుంది, వెంటనే మంచినీళ్లతో బాగా కడగాలి. ఘాటైన క్షార ద్రావణాలతో తరచూ కడిగిన బోగీలే ముందుగా మెరుపు కోల్పోయాయి.