కూపర్స్‌టౌన్ ట్రిప్: బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్, బస, తిండి సంగతులు

బేస్‌బాల్ మేటి ఆటగాళ్ల మ్యూజియం, అంటే హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్న కూపర్స్‌టౌన్ న్యూయార్క్ రాష్ట్రంలోనే ఉన్నా న్యూయార్క్ సిటీకి దగ్గర్లో లేదు, కారులో నాలుగు గంటలైనా పడుతుంది. ఆ ఊరికి రైలు లేదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్తే ఆల్బనీ వరకు ఫ్లైట్‌లో వెళ్లి అక్కడ కారు అద్దెకు తీసుకోవడం నయం, గంటన్నరలో చేరిపోతారు.

ఊళ్లో ఉండాలంటే ఓట్‌సీగో సరస్సు ఒడ్డున 1909లో కట్టిన ఒటెసాగా హోటల్ చాలా అందంగా ఉంటుంది, కానీ వేసవిలో ఆ రేట్లు మాలాంటి పెద్ద కుటుంబానికి భారమే. మేం అరగంట దూరంలోని ఓనియాంటాలో దిగాం. రూములో మైక్రోవేవ్ ఉంటుందని బుకింగ్‌లో రాసి తీరా వెళ్తే లేదన్నారు, నాన్నకి రాత్రి వేడి అన్నం పెట్టలేకపోయాననే బాధ నాకింకా ఉంది. రైస్ కుక్కర్ తప్పకుండా పట్టుకెళ్లండి. జూన్ నుంచి ఆగస్టు దాకా పిల్లల బేస్‌బాల్ టోర్నమెంట్ల వల్ల చుట్టుపక్కల గదులన్నీ నిండిపోతాయి, జులైలో కొత్తవాళ్లని చేర్చుకునే హాల్ ఆఫ్ ఫేమ్ వేడుక జరిగే వారమైతే ఇక అడగనే అక్కర్లేదు. అక్టోబరులో వెళ్లడం అన్నిటికన్నా మంచిది. మెయిన్ స్ట్రీట్‌లో పార్కింగ్ కోసం తిరిగే బదులు, సీజన్‌లో ఊరి చివర కారు పెట్టి ట్రాలీ ఎక్కండి.

మ్యూజియంలో ఎక్కువసేపు గడపాల్సింది ఎన్నికైన ఆటగాళ్ల కంచు ఫలకాలున్న హాల్లోనే. 1936లో మొదట ఎన్నికైన అయిదుగురిలో ఉన్న బేబ్ రూత్‌ని అందరూ 714 హోమ్ రన్లతోనే (మన సిక్సర్ లాంటివి) గుర్తుపెట్టుకుంటారు గానీ, ఆయన పిచ్చర్‌గా (మన బౌలర్ లాంటివాడు) కూడా 94 మ్యాచ్‌లు గెలిచాడు. హ్యాంక్ ఆరన్ కొట్టిన 755 హోమ్ రన్లు తీసేసినా 3,000 పైగా హిట్లు (బంతిని కొట్టి ఔటవకుండా బేస్ చేరినవి, హోమ్ రన్లూ ఇందులోవే) మిగులుతాయని మా అన్నయ్య కొడుకు చెప్పాడు, ఫోన్‌లో లెక్కేసి చూస్తే నిజమే, మొత్తం 3,771. క్రికెట్ తప్ప మరో ఆట చూడని నాన్న పిచ్చర్ బాబ్ గిబ్సన్ ఫలకం దగ్గర ఆగిపోయారు: 1968లో ఆయన తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున 1.12 పరుగులే (ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి కాకుండా) ఇచ్చాడు, ఆ ఏడాది పిచ్చర్లందరి ధాటికీ బ్యాటర్లు పరుగులు చేయలేకపోవడంతో మరుసటి ఏడాది పిచ్చర్ నిలబడే దిబ్బ ఎత్తుని 15 అంగుళాల నుంచి 10కి తగ్గించేశారు. "ఒక్క బౌలర్ల కోసం గ్రౌండే మార్చేశారా!" అంటూ దారంతా ఆ మాటే.

జపాన్ ఆటగాడు ఇచిరో 2025లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. 2004లో ఒకే సీజన్‌లో 262 హిట్లు కొట్టి 84 ఏళ్ల రికార్డు బద్దలుకొట్టిన ఆయనకి, ఎన్నుకునే బేస్‌బాల్ విలేకరుల్లో ఒకే ఒక్కరి ఓటు తగ్గింది, 2019లో పిచ్చర్ మరియానో రివెరాకి మాత్రం నూటికి నూరు శాతం పడ్డాయి. ఆ ఒక్క ఓటు నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది.

నా మనసు మాత్రం రొబెర్టో క్లెమెంటే దగ్గరే ఉండిపోయింది. సరిగ్గా 3,000 హిట్లు, 12 గోల్డ్ గ్లవ్‌లు (ఉత్తమ ఫీల్డింగ్ అవార్డులు). నికరాగ్వా భూకంప బాధితులకి సామాన్లు తీసుకెళ్తూ 1972 డిసెంబరు 31న విమాన ప్రమాదంలో చనిపోయాడు, ఆట మానేశాక మామూలుగా ఆగాల్సిన అయిదేళ్ల గడువు కూడా పక్కన పెట్టి 1973లోనే హాల్‌లో చేర్చుకున్నారు. పిల్లలతో వెళ్తే హోమ్ రన్ల లెక్కల కన్నా ముందు ఈయన గురించి చెప్పండి. లిఫ్ట్ ఉంది కాబట్టి పెద్దవాళ్లకి ఇబ్బంది ఉండదు, మ్యూజియం ఒక్కదానికే పూర్తి రోజు పెట్టుకోండి.