తెలుగు థీసిస్ టైపింగ్, బైండింగ్: విద్యానగర్ షాపు గురించి

జనవరి మొదటి రెండు వారాల్లో హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ చుట్టుపక్కల ఏ జిరాక్స్ షాపుకు వెళ్ళినా రీసెర్చ్ స్కాలర్లే కనిపిస్తారు. ఆరు నెలల ప్రోగ్రెస్ రిపోర్టు, ఫెలోషిప్ కంటిన్యుయేషన్ ఫారం, హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం) కాగితాలు, గైడుకు చూపించాల్సిన చాప్టరు, ఇవన్నీ సంక్రాంతికి ఊరెళ్ళేలోపే అయిపోవాలి. ఈ రద్దీలో ఏ షాపు మంచిదక్కా అని జూనియర్లు అడుగుతూనే ఉంటారు. తెలుగులో థీసిస్ రాసేవాళ్ళైతే మరీనూ. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

నేను తెలుగులో పీహెచ్‌డీ చేస్తున్నాను. పాలమూరు వలస కూలీల పాటలు నా అంశం. ఈ షాపు విద్యానగర్ రైల్వే స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక మెడికల్ షాపు పక్క సందులో ఉంది. షాపు నడిపే అన్న తన షాపు పేరు రాయొద్దని గట్టిగా చెప్పాడు కాబట్టి రాయడం లేదు. ఆ సందులో డీటీపీ బోర్డు అదొక్కటే, వెతుక్కోవడం కష్టం కాదు. మెషిన్ల దగ్గర అన్న ఉంటాడు, కంప్యూటర్ ముందు ఆయన భార్య, వెనక గదిలో బైండింగ్ చేసే చాచా. ఆమెను మేమందరం అక్కా అనే పిలుస్తాం.

నేను ఈ షాపును పట్టుకుని వదలకపోవడానికి కారణం అక్క టైపింగే. అంతకుముందు వేరేచోట ఒక చాప్టరు టైపు చేయించాను. పాటల్లో 'వచ్చిన్రు' అని రాసిచ్చిన చోట 'వచ్చారు', 'ఏడికి' అని ఉన్నచోట 'ఎక్కడికి' అయి వచ్చింది. టైపు చేసినతను తప్పులు దిద్దానన్నాడు. మంచి ఉద్దేశంతోనే దిద్దాడు, అందులో అనుమానం లేదు. కానీ నారాయణపేట దగ్గర ఒక పెద్దామె పాడుతుంటే ఫోన్లో రికార్డు చేసి, ఆపి ఆపి విని రాసుకున్న మాటలవి. ఆ మాటలు మారిపోతే నా పరిశోధనలో మిగిలేది ఏముంది?

అక్క అట్లా కాదు. అనుమానం వచ్చినచోట నా చేతిరాత కాగితం అంచున పెన్సిల్‌తో చిన్న గీత పెడుతుంది. సాయంత్రం వెళ్తే ఆ కాగితాలన్నీ ముందు పెట్టి, "చెల్లె, ఇది మీ దిక్కు ఇట్లనే అంటరా, లేకుంటే రాసేటప్పుడు పొరపాటయిందా?" అని ఒక్కొక్కటే అడుగుతుంది. ఒక పాటలో 'చుట్టం' ఒకచోట, 'సుట్టం' ఇంకోచోట ఉన్నాయి. రెండూ ఒకే తీరుగా పెట్టెయ్యమని నేను అన్నా ఆమె ఒప్పుకోలేదు, రికార్డింగు మళ్ళీ ఒకసారి వినమంది. విన్నాను. పాడినామె నిజంగానే రెండు రకాలుగా పలికింది. చరణం తన సొంత గొంతుతో పాడేటప్పుడు ఒకలా, మేస్త్రీ మాటను అనుకరించేటప్పుడు ఇంకోలా. ఆ తేడా మీద నా మూడో చాప్టర్లో ఒక పేరా వచ్చింది. మా గైడు మెచ్చుకున్న పేరా కూడా అదే. టైపింగుకు డబ్బులిచ్చే చోట ఇంత శ్రద్ధ దొరుకుతుందని ఎవరూ అనుకోరు.

ఇంకో పెద్ద విషయం, థీసిస్ పనిని వీళ్ళు యూనికోడ్‌లోనే (ఏ కంప్యూటరైనా తెలుగును తెలుగుగానే గుర్తుపట్టే పద్ధతిలో) చేస్తారు. ఇది ఎందుకు ముఖ్యమో కొత్తగా చేరినవాళ్ళకు తెలియాలి. తెలుగు డీటీపీ అంటే మన దగ్గర చాలాచోట్ల ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్, అందులో వాడే 'అను' ఫాంట్లే. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, కవితా సంకలనాలు అందులో తయారైనవే ఎక్కువ. అచ్చులో చూడ్డానికి అందంగా ఉంటాయి, కాదనను. కానీ ఆ పాత అను ఫాంట్లలో టైపు చేసిన ఫైలు లోపల ఉండేది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లకు తెలుగు ముసుగు తొడిగినట్టు ఉంటుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే గజిబిజి గుర్తులు తప్ప ఏమీ కనిపించవు. రేపు థీసిస్ సాఫ్ట్ కాపీ శోధ్‌గంగలోకి, అంటే దేశంలోని థీసిస్‌లను దాచే ఆన్‌లైన్ భండారంలోకి వెళ్తుంది. అక్కడ ఎవరైనా తెరిచి 'వలస' అని వెతికితే యూనికోడ్‌లో ఉన్నదే దొరుకుతుంది. ఇన్నేళ్ళు కష్టపడి రాసింది వెతికినవాళ్ళకు దొరక్కపోతే ఎట్లా?

ప్లేజియరిజం చెక్‌కూ (వేరేవాళ్ళ రాతల్లోంచి ఎత్తి రాశామా అని సాఫ్ట్‌వేర్‌తో చూసే పరీక్షకూ) అదే చిక్కు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలికలు 10 శాతం లోపు ఉంటే ఇబ్బంది లేదు, దాటితే దిద్ది మళ్ళీ ఇవ్వాలి, 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అసలు సాఫ్ట్‌వేర్ చదవలేని అక్షరాలతో ఆ లెక్క ఎట్లా తేలుతుంది? పైగా పేజ్‌మేకర్‌లో ఫుట్‌నోట్లు వాటంతటవే జరిగే ఏర్పాటు లేదు. మధ్యలో ఒక పేరా చేర్చమని గైడు అంటే ఆ తర్వాతి పేజీల్లో ఫుట్‌నోట్లన్నీ చేత్తో జరుపుకుంటూ పోవాలి. నా సీనియర్ ఒకాయన సబ్మిషన్ ముందు రాత్రుళ్ళు ఆ పనితోనే గడిపాడు.

అక్క చేతికి అలవాటైంది అను ఫాంట్లకు వాడే 'యాపిల్' అనే కీబోర్డు అమరిక. ఆ అమరికనే యూనికోడ్‌కూ పెట్టుకుంది, అందుకే ఆమె స్పీడు తగ్గలేదు. నా పాటల్లో చ, జలకు దంత్య ఉచ్చారణ (నాలుక పళ్ళకు తగిలేలా పలకడం) చూపించాల్సిన చోట్లు చాలా ఉన్నాయి. ౘ, ౙ అక్షరాలు యూనికోడ్‌లో 2008లోనే చేరాయి గానీ, వాడే ఫాంటులో అవి లేకపోతే ఖాళీ పెట్టెలు వస్తాయి. పని మొదలుపెట్టే ముందే అక్క ఆ రెండక్షరాలతో నాలుగు మాటలు టైపు చేసి, తన దగ్గరున్న ఫాంట్లన్నిటిలో ప్రింటు తీసి నా చేతికిచ్చింది. కాగితం మీద ఏవి వచ్చాయో చూసి అప్పుడు ఫాంటు ఎంచుకున్నాం. పీడీఎఫ్ చేశాక కూడా మళ్ళీ చూసుకుంది.

షాపు బయట ఒక చెక్క బెంచీ ఉంటుంది. ప్రింట్లు వచ్చేదాకా అక్కడే కూర్చోవాలి. జనవరిలో ఆ బెంచీ ఖాళీగా ఉండదు. ఈసారి నా పక్కన పొలిటికల్ సైన్స్ అమ్మాయి, బాటనీలో చేస్తున్న ఆదిలాబాద్ అబ్బాయి, ఎకనామిక్స్‌లో అప్పుడే చేరిన ఇంకో అబ్బాయి ఉన్నారు. అన్న అందరికీ కొత్త క్యాలెండర్లు ఇచ్చాడు. ఎకనామిక్స్ అబ్బాయి వెంటనే జేబులోంచి పెన్ను తీసి, ఏ నెలలో ఏ చాప్టరు అని గడుల్లో రాసుకోవడం మొదలుపెట్టాడు. బాటనీ అబ్బాయి చూసి, "తమ్మీ, జూన్ దాకనే రాసుకో, తర్వాత వానలు పడితే ఫీల్డ్ వర్కే" అన్నాడు. తనకు మొక్కలు పూతకొచ్చే కాలాన్ని బట్టి ఏడాది నడుస్తుందట. నాకేమో వలస వెళ్ళినవాళ్ళు పండక్కో, ఊరి జాతరకో తిరిగొస్తేనే పాటలు దొరుకుతాయి. అందుకే సంక్రాంతికి అందరూ సెలవు మీద ఊరెళ్తుంటే నేను పని మీద వెళ్తాను.

మాటలు ఫెలోషిప్ మీదికి వెళ్ళాయి. నెట్ పరీక్షలో నెగ్గినవాళ్ళకు పరిశోధన మొదట్లో ఇచ్చే జేఆర్ఎఫ్ 2023 జనవరి 1 నుంచి నెలకు 31,000 కాస్తా 37,000 అయింది, ఆ తర్వాతి ఏళ్ళలో ఇచ్చే ఎస్ఆర్ఎఫ్ 42,000 అయింది. పేపర్లో చదివినవాళ్ళకు అది పెద్ద మొత్తమే. కానీ ఫెలోషిప్ విడుదలకు యూనివర్సిటీ పంపాల్సిన కన్ఫర్మేషన్ ఒక నెల ఆగితే హాస్టల్ మెస్ బిల్లు దగ్గరే టెన్షన్ మొదలవుతుంది. పొలిటికల్ సైన్స్ అమ్మాయికి జేఆర్ఎఫ్ రాలేదు, మధ్యాహ్నం దాకా ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పి వస్తుంది. నెట్ ఇంకోసారి రాయాలా, ఉన్న టైమంతా థీసిస్‌కు పెట్టాలా అన్నది ఆమె ప్రశ్న. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్ళు, గరిష్ఠం ఆరేళ్ళు కదా, ఆమెకు నాలుగో ఏడు నడుస్తోంది. "మా అమ్మ క్యాలెండర్ల ముహూర్తాలు చూస్తది, నేను సబ్మిషన్ డేట్ చూస్త" అంది. అక్క లోపలి నుంచి విని, "ముందుగాల సబ్మిషన్ చెయ్యి బిడ్డా, ముహూర్తాలు ప్రతి ఏడు వస్తయి" అని గట్టిగా చెప్పింది. ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంట్లోవాళ్ళు చెప్పాల్సిన మాట షాపులో వినాల్సి వచ్చింది మరి. రివ్యూలో ఇది ఎందుకంటారేమో, నాకు మాత్రం ఆ షాపుకు వెళ్ళడంలో ఇదీ ఒక భాగమే.

బైండింగ్ సంగతి. చాచా థీసిస్‌ను గమ్ముతో అంటించి వదిలెయ్యడు, దారంతో కుట్టి ఆ తర్వాత అట్ట వేస్తాడు. లైబ్రరీలో పాత థీసిస్‌లు తీసి చూడండి, కుట్టినవి ఇప్పటికీ గట్టిగా ఉంటాయి, అంటించినవి మధ్యలో పేజీలు ఊడి చేతికొస్తాయి. కుట్టుకు చోటు కావాలి కాబట్టి ఎడమవైపు ఒకటిన్నర అంగుళం మార్జిన్ లేకపోతే ఆయన పని ముట్టుకోడు, మళ్ళీ ప్రింటు తెమ్మంటాడు. కోపం తెచ్చుకోకండి, ఆయన చెప్పిందే నిజం. రెక్సిన్ అట్ట మీద బంగారు రంగు తెలుగు అక్షరాలు కూడా ఇక్కడే వేస్తారు. చాచాకు తెలుగు చదవడం రాదు. అందుకే అచ్చు వేసే ముందు మనచేత పైకి చదివించుకుంటాడు, అక్షరం అక్షరం వేలు పెట్టి చూపించమంటాడు. మా సీనియర్ థీసిస్‌కు అట్లా చదివేటప్పుడే 'సాహిత్యం'లో య ఒత్తు ఎగిరిపోయిన సంగతి బయటపడింది.

ఫైళ్ళ విషయంలోనూ వీళ్ళు జాగ్రత్తగా ఉంటారు. చాలా షాపుల్లో డెస్క్‌టాప్ నిండా పక్కవాళ్ళ థీసిస్‌లు, ఆధార్ కార్డులు, మార్కుల మెమోలు పడి ఉంటాయి. ఎవరు కావాలన్నా కాపీ చేసుకోవచ్చు. ఇక్కడ పని అయిపోయాక మన కళ్ళ ముందే డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేస్తారు. అచ్చు కాని పరిశోధన మీద కూర్చున్నవాళ్ళకు అది ఎంత ధీమానో చెప్పక్కర్లేదు.

లోపాలు లేవని కాదు. రేటు ఎక్కువే. తెలుగు టైపింగ్ పేజీకి 40 రూపాయలు, చుట్టుపక్కల 25, 30కి చేసేవాళ్ళున్నారు. రెండుసార్ల కరెక్షన్లు అందులోనే కలిపి కాబట్టి నాకు గిట్టింది. ఆ రెండుసార్ల తర్వాత కూడా మనసు మార్చుకుంటూ పోయేవాళ్ళకు మాత్రం అదనంగా పడుతుంది. కలర్ ప్రింట్లు బాగా రావు. ఫొటోలు, మ్యాపులు ఉన్న పేజీలు నేను వేరేచోట తీయించి తెచ్చి ఇచ్చాను. లెక్కలు, సమీకరణాలు ఉన్న సైన్స్ థీసిస్ పని వాళ్ళు తీసుకోరు. జాగా బాగా ఇరుకు, కరెంటు పోతే ఇన్వర్టర్ మీద కంప్యూటర్ ఒక్కటే నడుస్తుంది, మెషిన్లు ఆగిపోతాయి. శుక్రవారం మధ్యాహ్నం చాచా నమాజుకు వెళ్తాడు కాబట్టి బైండింగ్ పని సాయంత్రానికే. ఇక అర్జంటు అంటే అక్కకు నచ్చదు. రేపటికల్లా వంద పేజీలు కావాలని అడిగితే నిర్మొహమాటంగా కుదరదంటుంది, తొందరలో తప్పులు దొర్లుతాయని. నాకైతే అది లోపంగా అనిపించదు. చివరి నిమిషం దాకా ఆగేవాళ్ళకు మాత్రం ఇబ్బందే.

ప్రోగ్రెస్ రిపోర్టు లాంటి నాలుగు కాగితాల పనికి ఇంత దూరం రానక్కర్లేదు, క్యాంపస్ దగ్గర ఎక్కడైనా అయిపోతుంది. తెలుగు థీసిస్, ఎంఫిల్ నాటి పాత చేతిరాతలు, జానపద సామగ్రి, మాండలికం, పద్యాలు, శాసనాల పాఠాలు ఉన్నవాళ్ళు మాత్రం తప్పకుండా ఇక్కడికే రండి.

భోగి నుంచి కనుమ దాకా షాపు మూసి ఉంటుంది, అన్నవాళ్ళు ఊరెళ్తారు. ఆలోపు పని కావాలంటే ఎనిమిదో తేదీకల్లా ఇచ్చెయ్యండి. చేతిరాత ప్రతి కాగితానికి ఒకవైపే, వరుసకూ వరుసకూ మధ్య చోటు వదిలి రాయండి. పాటలో, కథనాలో ఉంటే రికార్డింగులు కూడా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్ళండి, అక్క ఎట్లాగూ అడుగుతుంది.