కలకత్తాలో కూర్చోనిచ్చిన చోట్లు

నాలుగు రోజుల కలకత్తా యాత్రకు మేమిద్దరం రెండు కాగితాలతో బయలుదేరాం. మా వారు నీటిపారుదల శాఖలో ఓవర్సీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన కాగితంలో మొదటి పేరు హౌరా వంతెన, నా కాగితంలో దక్షిణేశ్వరం కాళీ గుడి. 2021లో తమ్ముడు పోయినప్పటి నుంచి ఆయన దేవుడికి దండం పెట్టడం మానేశారు. నాతో గుడికి వస్తారు, చెప్పులు వదిలే చోట నిలబడతారు, నేను తిరిగి వచ్చేదాకా ఓపిగ్గా ఎదురుచూస్తారు. దీని గురించి మాట్లాడుకోవడం మేము ఎప్పుడో ఆపేశాం.

రాజమండ్రిలో రాత్రి ఫలక్‌నుమా ఎక్కితే మర్నాడు సాయంత్రం హౌరాలో దిగాం. డిసెంబరు నెల, ఒక శాలువా సరిపోయేంత చలి. మాలాంటి అరవై దాటినవాళ్లకు కలకత్తా చూడటానికి ఇదే మంచి కాలం.

ముందు బస సంగతి చెప్పాలి, ఎందుకంటే మొదటి రోజును అదే పాడుచేసింది. ఎస్ప్లనేడ్ దగ్గర ఒక లాడ్జిలో ఫోటోలు చూసి గది తీసుకున్నాం. ఫోటోలో ఉన్న కిటికీ గదిలోనూ ఉంది కానీ, తెరిస్తే మూరెడు దూరంలో పక్క భవనం గోడ. పడకవైపు గోడంతా చెమ్మ. వేరే గది లేదన్నారు, మిగిలిన రోజుల డబ్బు వెనక్కి ఇవ్వడానికి సగం పూట వాదన పెట్టుకున్నారు. చివరికి ఒక రాత్రి అద్దె అదనంగా వదులుకుని దక్షిణ కలకత్తాకు మారాం. అక్కడ రవీంద్ర సరోవర్ మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఒక పాత ఇంటిని అతిథిగృహంగా మార్చారు. ఎర్ర సిమెంటు నేల, పచ్చరంగు వేసిన రెక్కల కిటికీలు, పొద్దున్నే వరండాలోకి టీ. గది చిన్నదే అయినా గాలీ వెలుతురూ ఉన్నాయి. పెద్దవాళ్లు ఎవరైనా వెళ్తే నా సలహా ఒకటే: ఊరి నడిబొడ్డు కోసం పాకులాడకుండా, ఉత్తర దక్షిణాలుగా నడిచే మెట్రో లైనుకు దగ్గరగా దిగండి. దేశంలో మొదటి మెట్రో ఇదే, 1984లో మొదలైంది. ఇప్పుడు ఆ లైను దక్షిణేశ్వరం దాకా వెళ్తుంది. టికెట్టు అయిదు రూపాయల నుంచి ఉంది. ఆఫీసు వేళల్లో నిలబడటానికి కూడా చోటుండదు, అయినా మా నెరిసిన తలలు చూసి ఎవరో ఒకరు లేచి సీటు ఇస్తూనే వచ్చారు.

హౌరా వంతెనను మా వారు రెండుసార్లు చూశారు. మొదటిసారి కింద మల్లిక్ ఘాట్ పూలబజారు నుంచి, తెల్లవారుజామున. బంతిపూల దండలు తాళ్లలా చుట్టలు చుట్టి తలలమీద మోసుకుపోతున్నారు, ఎర్ర మందారాలు గంపలకొద్దీ ఉన్నాయి. నేను పూలు చూస్తుంటే ఆయన తలెత్తి పైనే చూస్తున్నారు. 26,500 టన్నుల ఉక్కు, ఎక్కడా నట్టూ బోల్టూ లేకుండా అంతా రివెట్లతో బిగించిన వంతెన. యుద్ధకాలంలో, 1943లో, ఆర్భాటం లేకుండా తెరిచారు. నది మధ్యలో ఒక్క స్తంభం కూడా లేదు. గోదావరి మీద మా పాత హేవ్‌లాక్ వంతెన స్తంభాలు చూస్తూ పెరిగిన మనిషికి అది ఎంత అబ్బురమో నాకు అర్థమైంది. రెండోసారి పైన నడిచాం. ఆయన ఆగి, ఒక రివెట్టు మీద అరచేయి ఆనించి కాసేపు అలాగే ఉన్నారు. గుడి గడపను ముట్టుకుని కళ్లకద్దుకునే మనిషిలా కనిపించారు. ఆ మాట ఆయనతో అనలేదు.

ఇక్కడ గంగను హుగ్లీ అంటారు. 2024 నుంచి ఆ నది కింద కూడా మెట్రో నడుస్తోంది. హౌరా నుంచి ఎస్ప్లనేడ్‌కు పది రూపాయలు. నది కిందికి రాగానే సొరంగం గోడలమీద నీలి దీపాలు కనిపిస్తాయి, నిమిషం తిరక్కుండానే అయిపోతుంది. తిరిగి రావడానికి మాత్రం పడవే మేలు. సాయంత్రం నది మీద గాలిని మెట్రో ఇవ్వలేదు.

విక్టోరియా మెమోరియల్ అందరూ చూసేదే, మేమూ చూశాం. తెల్లరాయి బాగుంది, జనం ఎక్కువ. గదులు తెరవకముందే వెళ్లి తోటలో తిరిగితే చాలు.

ఎక్కువసేపు చెప్పాలనిపించేది మేఘెన్ డేవిడ్ యూదుల ప్రార్థనా మందిరం గురించి. బడాబజారు హడావుడి మధ్య, 1884లో కట్టిన ఎర్ర ఇటుకల భవనం. ఎత్తయిన గోపురం చూసి చర్చి అనుకున్నాను. గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపించాలి, తల కప్పుకోవాలి. లోపల నలుపు తెలుపు గళ్ల పాలరాతి నేల, రంగుటద్దాల కిటికీలు, ఎదుటి అర్ధగోళాకారపు కప్పు మీద నీలిరంగులో బంగారు చుక్కలు. ఒకప్పుడు ఈ ఊళ్లో యూదులు వేలల్లో ఉండేవారు, ఇప్పుడు కొద్దిమందే మిగిలారు. మందిరాన్ని తుడిచి, తాళం వేసి, దీపాలు చూసుకుంటున్నది ముస్లింలు. మాకు లోపల చూపించినాయన కూడా ముస్లిమే. తన తండ్రి కూడా ఇక్కడే పనిచేశాడట. ప్రార్థనకు వచ్చేవాళ్లు లేకపోయినా రోజూ ఎందుకు తుడుస్తారని మా వారు హిందీలో అడిగారు. ఆయనకు ప్రశ్న అర్థమైనట్టు లేదు. "దేవుడి ఇల్లు కదా" అన్నాడు. బల్లమీద కూర్చుంటామంటే కూర్చోమన్నాడు, తొందరపెట్టలేదు. మా వారు నాకన్నా ముందు కూర్చున్నారు.

మదర్ థెరెసా సమాధి ఉన్న మదర్ హౌస్‌లో కూడా అంతే. గురువారం మూసి ఉంటుంది, మిగతా రోజుల్లో ఎవరైనా వెళ్లవచ్చు, డబ్బు మాట లేదు. ఏ శిల్పమూ లేని సాదా సమాధి, దానిమీద బంతిపూల రేకులతో పేర్చిన అక్షరాలు. మెట్ల మీదుగా వెళ్తే ఆమె ఉన్న గది, వంటింటికి పైన, వేడికి కాగిపోయేది. ఇనప మంచం, చిన్న బల్ల. 1997లో ఆమె చివరి శ్వాస విడిచింది ఇక్కడే.

ఈ రెండింటికీ మధ్య రోజున ఊళ్లోనే పేరున్న ఒక అమ్మవారి గుడికి వెళ్లాను. పేరు రాయను, తప్పు అమ్మవారిది కాదు. గేటులోనే ఒకతను చేయి పట్టుకున్నంత పని చేసి, వరసలో నిలబడక్కర్లేదంటూ లోపలికి తీసుకుపోయాడు. చేతిలో మందారం పెట్టి, గోత్రం అడిగి, రెండు వేలు ఇమ్మన్నాడు. అయిదు వందలు ఇచ్చి బయటపడ్డాను. అమ్మ కళ్లు చూడాలని వెళ్లిన దాన్ని, పర్సు చూసుకుంటూ బయటికి వచ్చాను. మా వారు చెప్పుల దగ్గరే ఉన్నారు. నా ముఖం చూసి, "పద, టీ తాగుదాం" అన్నారు. అంతకుమించి ఏమీ అననందుకు ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. మట్టి ముంతలో టీ తాగాం. నా పూజ ఎటు పోయిందో తెలియని బాధ ఆ రాత్రంతా పోలేదు. ఎవరైనా ఇలా వెంటపడితే ఆగకుండా వరసలోకి వెళ్లిపోండి. గంట పట్టినా ఆ గంట మీదే.

దక్షిణేశ్వరాన్ని నాలుగో రోజుకు ఉంచుకున్నాం. అక్కడా, నది అవతల వివేకానందుడు స్థాపించిన బేలూరు మఠంలోనూ మధ్యాహ్నం తలుపులు మూస్తారు, అందుకని మూడు గంటలు దాటాక దక్షిణేశ్వరం చేరేలా బయలుదేరాం. స్టేషన్ నుంచి నేరుగా గుడి దాకా పైవంతెన దారి ఉంది. ఫోన్లు బయట అప్పగించాలి. రాణీ రాస్‌మణి కట్టించిన గుడి ఇది, 1855లో ప్రతిష్ఠ జరిగింది. కైవర్త కులానికి చెందిన వితంతువు కట్టించిన గుడిలో పూజ చేయడానికి బ్రాహ్మణులు ముందుకు రాలేదు. ఒప్పుకుని వచ్చినవారు రామకుమార్ చటోపాధ్యాయ. ఆయన వెంట వచ్చిన తమ్ముడే తర్వాత రామకృష్ణ పరమహంస అయ్యారు. తొమ్మిది శిఖరాల గుడి, నది వైపు వరసగా పన్నెండు శివాలయాలు. వరస పొడవుగానే ఉంది కానీ ఎవరూ చేయి పట్టుకోలేదు. అక్కడి కాళీమాత భవతారిణి కళ్లు చూశాను.

అయినా నన్ను కదలనివ్వనిది నహబత్. సన్నాయి మేళం వాయించడానికి కట్టిన చిన్న మండపం అది. దాని కింది గదిలో రామకృష్ణుల భార్య శారదాదేవి ఏళ్ల తరబడి ఉన్నారు. యాభై చదరపు అడుగులు ఉంటుందేమో. అందులోనే సరుకులు, కుండలు, పైనుంచి వేలాడే ఉట్లు, ఇంటికి వచ్చిన ఆడవాళ్లకు పడక. గుమ్మం ఎంత కిందికి ఉందంటే ఆమె తల మొదట్లో తగులుతూనే ఉండేదట. ఎవరికంటా పడకుండా తెల్లవారకముందే గంగలో స్నానం చేసి వచ్చి, పగలంతా ఆ గదిలోనే వంట, జపం. ముప్పై ఏడేళ్లుగా వంటింట్లో స్తోత్రాలు చదువుకుంటూ, ఇది పూజ కింద లెక్కకు వస్తుందా అని సందేహపడిన దాన్ని నేను. గుమ్మం బయట అరుగు మీద కూర్చుండిపోయాను. చెప్పుల దగ్గర ఉండవలసిన మా వారు వచ్చి, వంగి గదిలోకి చూసి, గుమ్మం ఎత్తును చేత్తో కొలిచారు.

అక్కడి నుంచి పడవలో బేలూరు. ఈ పడవ ప్రయాణాన్ని మాత్రం వదులుకోకండి. 1938లో ప్రతిష్ఠించిన రామకృష్ణ మందిరం దగ్గరికి వెళ్లేకొద్దీ మారుతుంది: ముఖద్వారంలో బౌద్ధ ఛాయ, కిటికీల్లో రాజపుత్ర, మొగలు పనితనం, లోపల చర్చిలా పొడవైన మండపం. వివేకానందుడు ఊహించిన రూపం ఇది, ఆయన 1902లోనే వెళ్లిపోయారు. శారదాదేవి గుడి గంగకు ఎదురుగా ఉంది, గంగ అంటే ఆమెకు అంత ఇష్టం. దీపాలు పెట్టాక హారతి. వందలమంది నేలమీద కూర్చున్నారు, ఒక్కరు కూడా మాట్లాడలేదు. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు మరోవైపు. వివేకానందుడు రాసిన హారతి పాట మొదలయ్యాక వెనక్కి తిరిగి చూస్తే, మగవాళ్ల చివరి వరసలో మా వారు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. దండం పెట్టలేదు. కళ్లు మూసుకున్నారు.

హౌరా బస్సులో చాలాసేపటికి అడిగారు. "ఆ గది ఎన్ని అడుగులన్నావు?"

"యాభై దాకా అని చదివాను."

"మన సామాన్ల గది కూడా అరవై ఉంటుంది" అన్నారు. మళ్లీ మాట్లాడలేదు.

మర్నాడు షాలిమార్‌లో మధ్యాహ్నం కోరమండల్ ఎక్కాలి. పొద్దుటి పూట ఖాళీ. ఆయన కాగితంలో ఇండియన్ మ్యూజియం ఇంకా మిగిలే ఉంది. అక్కడికి వెళ్దామా అని అడిగాను.

"దక్షిణేశ్వరమే మళ్లీ వెళ్దాం" అన్నారు. "జనం రాకముందు, పెందలాడే."