చెక్క గేర్ల గడియారం, స్క్రోల్ సా: మూడున్నరేళ్ళు వాడాక

ముందే చెప్పేస్తున్నా, ఇది డబ్బా విప్పిన రోజు రాసే రివ్యూ కాదు. 2021 డిసెంబర్లో స్క్రోల్ సా, అంటే సన్నటి బ్లేడు పైకీ కిందకీ ఆడుతూ చెక్కలో వంపులు కోసే మెషిన్, ఇంటికొచ్చింది, దాంతో నేను కోసి చేసిన చెక్క గేర్ల గడియారం 2022 మే నెలాఖరుకి గోడెక్కింది. ఆ తరవాత ఎన్నిసార్లు దింపానో ఎన్నిసార్లు ఎక్కించానో లెక్క లేదు గానీ నాలుగు వానాకాలాలు చూసేసింది. మేముండేది వైజాగ్‌లో, బాల్కనీ తలుపు తీస్తే సముద్రం గాలే, చెక్కకి ఇంతకన్నా పరీక్ష ఏం కావాలి.

అందరూ అడిగేది ఒకటే, "ఏ మెషిన్ తీసుకున్నావ్ అన్నా" అని. నాది గొప్ప మెషిన్ కాదు, బ్లేడు నుంచి వెనక స్తంభం దాకా 16 అంగుళాలు ఖాళీ ఉండే మామూలు చైనా మాల్. మోటరు ఇప్పటికీ బానే ఉంది, పొట్టు ఊదే పైపు మాత్రం మొదటి నెల్లోనే ఊడింది, దాన్ని ఎక్వేరియం పంపు పైపుతో మార్చా. మొదట్లో టేబుల్ మీద ఊరికే పెట్టి ఆన్ చేస్తే మెషిన్ నడుచుకుంటూ అంచుదాకా వెళ్ళిపోయేది, కింద ఫ్లోర్ వాళ్ళు ఏం గ్రైండర్ అండీ అది అని పైకొచ్చారు కూడా. నాలుగు బోల్టులు బిగించి, కింద పాత టైరు ముక్కలు వేశాక ఆ గోల తగ్గింది. ఇప్పటికీ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య మాత్రం ముట్టుకోను, పడుకునే వాళ్ళ ఉసురు మనకెందుకు.

మెషిన్ కన్నా బ్లేడ్ల మీద డబ్బు పెట్టండి. డబ్బాలో వచ్చిన పిన్ను బ్లేడ్లు, అంటే చివర అడ్డంగా చిన్న పిన్ను ఉండేవి, నాలుగో రోజే పక్కన పడేశా. చక్రం ఆకుల మధ్య సందు కొయ్యాలంటే ముందు బెజ్జం పెట్టి బ్లేడు అందులోంచి దూర్చాలి కదా, పిన్ను పట్టాలంటే పెద్ద బెజ్జం కావాలి. అడాప్టర్ కొని పిన్ను లేని 5 నంబర్ బ్లేడ్లు వేశా, మనిషికి కళ్ళజోడు మార్చినట్టు తేడా తెలిసిపోయింది. 6 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైలో (బర్చ్ అనే కర్ర పొరలతో చేసే ప్లైవుడ్) ఒక్కో బ్లేడు నాకు ఇరవై నిమిషాలు, మహా అయితే పాతిక, ఆ తరవాత కొయ్యదు, కాలుస్తుంది. ప్లై పొరల మధ్య ఉండే గమ్ము అలా తినేస్తుంది. కాగితం డ్రాయింగ్ అతికించాక దాని మీద ట్రాన్స్‌పరెంట్ ప్యాకింగ్ టేపు వేస్తే చెక్క మాడ్డం బాగా తగ్గుతుంది, ఇది చిన్న చిట్కా గానీ నాకు డజను బ్లేడ్లు మిగిల్చింది.

ఇంకోటి, బ్లేడు మనం తోసినట్టు నేరుగా పోదు, కుడి పక్కకి లాగుతుంది. మెషిన్ తప్పనుకుని వారం రోజులు దాన్ని తిట్టుకున్నా. మామూలు బ్లేడ్లు ప్రెస్సులో గుద్ది చేస్తారు కాబట్టి ఒక అంచున గరుకు మిగులుతుంది, ఆ పక్క ఎక్కువ తెగుతుంది, అంతే సంగతి. చెక్కని కొంచెం ఏటవాలుగా తోయడం అలవాటైతే ఇక గుర్తు కూడా రాదు. బల్ల బ్లేడుకి నిట్టనిలువుగా ఉందా లేదా అనేది మాత్రం రోజూ చూసుకోండి. మందంగా ఉన్న ముక్క అంచున కొంచెం గాటు పెట్టి, ముక్కని బ్లేడు వెనక పక్కకి తిప్పి తెచ్చి, అదే గాట్లోకి బ్లేడు వెనక అంచు తిన్నగా దిగిందంటే సరిగ్గా ఉన్నట్టు. దిగకపోతే ఆ తేడాకి పళ్ళు ఒక పక్క లావు ఒక పక్క సన్నం అవుతాయి, పైనించి చూస్తే ముచ్చటగా ఉంటాయి, పక్క చక్రంతో కలిపితే గానీ బండారం బయటపడదు.

ఇప్పుడు గడియారం సంగతి. నా ప్లాన్‌లో లోలకం సెకనుకి ఒక వైపు ఊగేది, అంటే దాని లెక్క పొడవు మీటరుకి కొంచెం తక్కువ, మన దగ్గర 99 సెంటీమీటర్ల పైచిలుకు. ఎస్కేప్ చక్రానికి, అంటే లోలకం ఊపుకి ఆగుతూ ఆగుతూ తిరిగే చక్రానికి, 30 పళ్ళు, నిమిషానికో చుట్టు. నిమిషాల ముల్లు ఉండే పెద్ద చక్రానికి 64 పళ్ళు, అది 8 పళ్ళ పినియన్‌ని (చిన్న పళ్ళ చక్రాన్ని అలా అంటారు) తిప్పుతుంది, ఆ పినియన్ ఇరుసు మీదే 60 పళ్ళ చక్రం, అది ఇంకో 8 పళ్ళ పినియన్‌ని. ఎనిమిది రెట్లు, ఏడున్నర రెట్లు, మొత్తం అరవై. ముందు పక్క గంటల ముల్లు కోసం 10కి 30, 8కి 32, అది పన్నెండు రెట్లు. రాచెట్, అంటే ఒక వైపే తిరగనిచ్చే పళ్ళ చక్రం, అది కాకుండా మొత్తం 250 పళ్ళు. ఒక్కో పన్నుకి రెండు పక్కలు, ఒక మొన, ఒక అడుగు. ఆదివారాలన్నీ అందులోనే పోయాయి, మా ఆవిడ నన్ను పళ్ళ డాక్టర్ అని పిలవడం మొదలెట్టింది.

మొదటి దెబ్బ జిరాక్స్ షాపులో తగిలింది. డ్రాయింగ్ సగం షీట్లు ఒక చోట ప్రింట్ తీయించా, మిగతావి ఇంకో రోజు ఇంకో షాపులో. అక్కడ కుర్రాడు పేజీకి సరిపడేలా అనే ఆప్షన్ పెట్టి కొట్టేశాడు, నేనూ చూడలేదు. అన్ని షీట్లూ ఒకేలా చిన్నవైతే గడియారమే చిన్నదయ్యేది, గొడవుండేది కాదు. నాకు చక్రాలు ఒక సైజు, ఫ్రేము ఇంకో సైజు. మూడు వారాల కోత అయ్యాక ఇరుసులు పెట్టి చూస్తే పళ్ళు ఒకదాంట్లో ఒకటి పూర్తిగా దిగిపోయి బిగుసుకుపోయాయి. ప్రింట్ తీయగానే షీటు మీద ఉండే పది సెంటీమీటర్ల గీతని స్కేలుతో కొలవండి, తరవాతే షాపు వాడికి డబ్బులివ్వండి.

రెండో దెబ్బ నా చేజేతులా తెచ్చుకున్నదే. ప్లైవుడ్ ఏంటి చీప్‌గా, మన టేకు ఉండగా అనుకుని పెద్ద చక్రం టేకు పలకతో చేశా. ఎంత అందంగా ఉందో! జులై వచ్చేసరికి గుండ్రటి చక్రం కోడిగుడ్డు అయింది. చెక్క తేమకి పొడవునా పెద్దగా పెరగదు, అడ్డంగా పెరుగుతుంది, నా 160 మిల్లీమీటర్ల చక్రం అడ్డంగా దాదాపు ఒక మిల్లీమీటరు సాగింది. ఆ కాస్త చాలు, గంటలో రెండు చోట్ల పళ్ళు పట్టేసేవి. పినియన్లు కూడా టేకువే, వాటిలో ఒక పన్ను సంక్రాంతి నాడు టక్కున విరిగింది, ఎందుకంటే ఆ పన్ను అడుగున నార అడ్డంగా వచ్చింది. ఇప్పుడు చక్రాలు, పినియన్లు అన్నీ బర్చ్ ప్లై, టేకు ఫ్రేముకి, లోలకం కర్రకి మాత్రమే. ప్లైలో పొరలు అడ్డం నిలువు ఉంటాయి కాబట్టి ఎటూ పెద్దగా కదలదు. చూపులకి టేకంత కళ ఉండదు, నిజమే.

ఇంతకీ నేను చెప్పాలనుకున్న అసలు విషయం ఇరుసులు కూర్చునే బెజ్జాలు. నా గడియారాన్ని నడిపించేది తాడుకి వేలాడే 3 కిలోల బరువు, రోజుకి ఒక మీటరు దిగుతుంది. ఒకరోజు ఊరికే లెక్కేశా, ఆ బరువు రోజంతా ఇచ్చే శక్తితో హాల్లో ఉన్న 9 వాట్ల బల్బు ఎంతసేపు వెలుగుతుంది అని. మూడు సెకన్లు. గట్టిగా మూడు సెకన్ల కరెంటుతో 24 గంటలు ఇన్ని చక్రాలు, రెండు ముళ్ళు, లోలకం నడవాలి! ఇది తెలిశాక నా పని తీరే మారిపోయింది. అంత తక్కువ శక్తిలో ఒక్క బెజ్జం వెంట్రుకవాసి ఒరిగినా ఇరుసు ఫ్రేముకి రాసుకుంటుంది, గడియారం ఆగుతుంది. నేను మొదట చేతి డ్రిల్లుతో పెట్టా, కంటికి నిలువుగానే కనపడ్డాయి, గడియారం పదకొండు నిమిషాలు నడిచింది. ఆ తరవాత ముందు ఫ్రేము, వెనక ఫ్రేము రెండూ డబుల్ సైడ్ టేపుతో అతికించి, తెలిసిన మెషిన్ షాపులో పిల్లర్ డ్రిల్లు కింద ఒకేసారి పొడిపించా. బెజ్జాల్లో ఇత్తడి బుష్‌లు, అంటే ఇరుసు తిరిగే చిన్న గొట్టాలు, ఇరుసులు 3 మిల్లీమీటర్ల స్టీలు రాడ్డు. ఆ రోజు రాత్రి మొదటిసారి తెల్లారేదాకా తిరిగింది. ఎవరైనా మొదలుపెడతామంటే నా మాట, ఖరీదు సా వద్దు, ఆ తేడా డబ్బుతో మంచి డ్రిల్లు స్టాండు కొనుక్కోండి.

ఆగిపోయినప్పుడు ఎక్కడ ఆగిందో చూసి రాసుకోవడం అన్నిటికన్నా పనికొచ్చిన అలవాటు. గంటకోసారి అదే చోట ఆగుతోందంటే పెద్ద చక్రంలో ఒక పన్ను తేడా. ఏడున్నర నిమిషాల లెక్కన వస్తోందంటే రెండో ఇరుసు. నిమిషం లోపే అయితే ఎస్కేప్ చక్రం. ఆగిన చోట రెండు పళ్ళకీ పెన్సిల్‌తో చుక్క పెట్టి, ఆ పన్ను ఒక్కటే 400 నంబర్ ఎమరీ పేపర్‌తో రెండు సార్లు రాస్తే చాలు. పేపర్ పట్టుకుని అన్ని పళ్ళూ అరగదీస్తే కొత్త తలనొప్పి, అది కూడా చేశా.

లోలకం శబ్దం కూడా వినాలి. టిక్, టాక్, మధ్య ఖాళీ సమానంగా ఉండాలి. నాది మొదట్లో టిక్‌టాక్... టిక్‌టాక్... అని కుంటుతూ నడిచేది, అలా ఉంటే గంటో రెండు గంటలో చచ్చిపోతుంది. యాంకర్‌ని, అంటే ఎస్కేప్ చక్రం పళ్ళని ఆపుతూ వదులుతూ ఉండే కొక్కేన్ని, ఇరుసు మీద రవ్వంత తిప్పి సరిచెయ్యాలి. గోడ మీద గడియారం ఒక పక్కకి ఒరిగినా అదే కుంటి నడక, మా పనమ్మాయి చీపురు తగిలిన రోజు వంటింట్లోంచే నాకు తెలిసిపోతుంది.

నూనె వెయ్యకండి. కుట్టుమిషన్ నూనె నాలుగు చుక్కలు వేశా, రెండు రోజులు రథంలా నడిచింది, రెండు నెలల్లో రోడ్డు దుమ్ముతో కలిసి నల్ల ముద్ద అయింది. మొత్తం విప్పి కడుక్కోవాల్సొచ్చింది. ఇప్పుడు పళ్ళకి 6బి పెన్సిల్ పొడి, అంతే. సముద్రం మీద రేఖాంశం లెక్క కట్టే గడియారం చేసిన ఇంగ్లండ్ జాన్ హ్యారిసన్ కూడా మొదట వడ్రంగే, 1713లో చేసిన మొదటి గడియారం చాలావరకు చెక్కే. ఆ తరవాత 1720ల్లో బ్రాక్‌లెస్‌బీ పార్కులో గుర్రపుశాల మీద పెట్టిన గడియారానికి లిగ్నమ్ వీటే అనే కర్ర వాడాడు, ఆ కర్రలోనే జిడ్డు ఉంటుంది, అందుకే నూనె అక్కర్లేకుండా ఇప్పటికీ నడుస్తోంది. మనకా కర్ర ఎక్కడ దొరుకుతుంది, పెన్సిలే దిక్కు.

తాడు చుట్టుకునే డ్రమ్ము స్క్రోల్ సాతో గుండ్రంగా రాదు, లేతు పని. 27 మిల్లీమీటర్ల డ్రమ్ము, దానికి తగ్గ కప్పీ ఏటికొప్పాక వెళ్ళి అంకుడు కర్రతో తిప్పించుకొచ్చా. బొమ్మలు చేసే ఆయన నా డ్రాయింగ్ అటూ ఇటూ తిప్పి చూసి, కొలత మాత్రం కాలిపర్‌తో సరిగ్గా తేల్చి, అడక్కుండానే పసుపు రంగు లక్క పట్టించి ఇచ్చాడు. మొత్తం గడియారంలో అందరి కళ్ళూ పడేది దాని మీదే, నా 250 పళ్ళు ఎవరూ చూడరు.

టైమ్ ఎలా చూపిస్తుంది అంటే, వారానికి రెండు మూడు నిమిషాలు తేడా, వానాకాలంలో ఇంకో నిమిషం కలుపుకోండి. లోలకం ఒక మిల్లీమీటరు పొడుగైతే రోజుకి 43 సెకన్లు వెనకబడుతుంది. నాది ఎం4 రాడ్డు (4 మిల్లీమీటర్ల సన్న మర రాడ్డు), కాబట్టి కింద నట్టు ఒక చుట్టు తిప్పితే రోజుకి అర నిమిషం మారుతుంది, ప్రతి ఆదివారం ఫోన్ పక్కన పెట్టుకుని పావు చుట్టు అటో ఇటో తిప్పుతా. రోజూ రాత్రి బరువు పైకెత్తాలి, ఊరెళ్తే ఆగిపోతుంది. నూలు తాడు ఏడాదికే పీచు లేచింది, ఇప్పుడు చేపల గాలానికి కట్టే అల్లిక తాడు.

ఎవరూ ముందు చెప్పనిది ఫ్యాను. హాల్లో సీలింగ్ ఫ్యాన్ కింద పెట్టా, స్పీడు నాలుగు దాటితే లోలకం తూలేది. ఎండాకాలంలో ఫ్యాన్ ఆపమంటే ఇంట్లో నన్నే ఆపేస్తారు, అందుకే పడగ్గదికి వెళ్ళే నడవాలోకి మార్చా. ఇంకోసారి ఏం చేసినా నడవలేదు, పొద్దున్నుంచి పెన్సిల్ చుక్కలు పెడుతూ కూర్చున్నా, చివరికి టార్చి వేసి చూస్తే 60 పళ్ళ చక్రం వెనక బల్లి పడుకుని ఉంది.

పొట్టు విషయంలో మాత్రం జోక్ చెయ్యను. ప్లై పొట్టులో గమ్ము కలిసుంటుంది, ఎన్95 మాస్కు లేకుండా మొదటి నెల చేసి రెండు వారాలు దగ్గా. కళ్ళజోడు కూడా, బ్లేడు తెగినప్పుడు ముక్క ఎటు పోతుందో చెప్పలేం.

మా మావగారిది నర్సీపట్నం. మొదటిసారి చూసి, "ఏటి బాబూ, రెండొందలు పడేస్తే పూర్ణా మార్కెట్లో గోడ గడియారం వచ్చేస్తాది గదా, దీనికి ఆర్నెల్లా" అన్నారు. నా దగ్గర జవాబు లేదు, ఖర్చు ఎంతైందో చెప్తే ఇంకా బాధపడతారని చెప్పలేదు కూడా. మొన్న తుపాను రాత్రి ఇక్కడే ఉన్నారు, కరెంటు పోయి రెండు గంటలైంది, చీకట్లో అందరం మంచాల మీద కూర్చుని ఉన్నాం, ఇది ఒక్కటే నడవాలో టిక్, టాక్ అంటోంది. ఆయన చాలాసేపు విన్నారు. పొద్దున్న కాఫీ తాగుతూ వాళ్ళింటికి ఒకటి కావాలన్నారు, కాకపోతే గంటలు కొట్టాలంట. గంట కొట్టాలంటే ఇంకో బరువు, ఇంకో వరస చక్రాలు, పళ్ళు ఎన్నో ఇంకా లెక్కెయ్యలేదు. బర్చ్ ప్లై షీటు మాత్రం నిన్న ఆర్డర్ పెట్టేశా.